లోడ్ బ్యాలెన్సర్ ఫ్లో డేటా ఎందుకు చేరడం లేదు?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక విద్యాసంస్థలో నెట్‌వర్క్ పనులు చూస్తున్నాను. మా ప్రవేశాల వెబ్‌సైటు నెట్‌స్కేలర్ లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే కనెక్షన్లను సర్వర్లకు పంచే పరికరం) వెనుక నాలుగు సర్వర్లపై నడుస్తోంది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్లో రాత్రిపూట సైటు బాగా నెమ్మదించింది. కారణం వెతుకుదామంటే, సర్వర్ల పక్కనున్న రూటర్ పంపే నెట్‌ఫ్లో (ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు ఎంత డేటా వెళ్లిందో చెప్పే) నివేదికలో లోడ్ బ్యాలెన్సర్ అడ్రసు ఒక్కటే కనిపిస్తోంది. అందుకని ఆ రూటర్ రికార్డులను అందుకునే కలెక్టర్ యంత్రానికే లోడ్ బ్యాలెన్సర్ నుంచి కూడా ఫ్లో డేటా పంపేలా అమర్చాను గానీ, ఒక్క రికార్డు కూడా రాలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?
— ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: మీ ఆలోచన సరైనదే. విద్యార్థి ఫోను నుంచి వచ్చిన కనెక్షన్ లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి సర్వర్‌కు అది తన సొంత అడ్రసుతో మరో కనెక్షన్ తెరుస్తుంది. కాబట్టి ఏ విద్యార్థి అభ్యర్థన ఏ సర్వర్‌కు వెళ్లిందో, ఎంతసేపు పట్టిందో రెండు వైపులా చూసి చెప్పగలిగేది లోడ్ బ్యాలెన్సర్ ఒక్కటే. నెట్‌స్కేలర్‌లో ఫ్లో డేటా పంపే సదుపాయమైన యాప్‌ఫ్లో ఈ రెండు కనెక్షన్ల రికార్డులనూ ఒకే లావాదేవీ సంఖ్యతో ముడివేసి పంపుతుంది.

ముందుగా పోర్టు చూడండి. నెట్‌ఫ్లో కలెక్టర్లు సాధారణంగా 2055 పోర్టులో ఎదురుచూస్తాయి. యాప్‌ఫ్లో వాడేది ఐపీఫిక్స్ పద్ధతి, దాని పోర్టు 4739. నెట్‌ఫ్లో 9వ వెర్షన్ ఆధారంగా రూపొందిన ఈ ప్రమాణంలో ప్రతి సందేశం మొదట్లోనూ వెర్షన్ సంఖ్య 10 అని ఉంటుంది గనుక, 9 వరకే చదవగల పాత కలెక్టర్ దాన్ని పక్కన పడేస్తుంది. మీ కలెక్టర్ ఐపీఫిక్స్‌ను చదవగలదో లేదో దాని పత్రాల్లో నిర్ధారించుకోండి.

తర్వాత లోడ్ బ్యాలెన్సర్‌లో వరుస సరిచూడండి. యాప్‌ఫ్లో సదుపాయాన్ని ఆన్ చేయాలి. కలెక్టర్ అడ్రసు ఇవ్వాలి. ఆ కలెక్టర్‌ను పేర్కొనే యాక్షన్, ఆ యాక్షన్‌ను పిలిచే పాలసీ రాయాలి. చివరికి ఆ పాలసీని వర్చువల్ సర్వర్‌కు (లోడ్ బ్యాలెన్సర్‌లో సైటు కనెక్షన్లను అందుకునే చోటు) బైండ్ చేయాలి, అంటే జతచేయాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఈ చివరి మెట్టు దగ్గరే. బైండ్ చేయని పాలసీ ఎంత చక్కగా రాసినా పని చేయదు, పైగా ఏ హెచ్చరికా కనిపించదు.

అన్నీ సరిగ్గానే ఉంటే కలెక్టర్ యంత్రంలో, వచ్చే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడిపి, 4739 పోర్టుకు ప్యాకెట్లు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే దారిలోని ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. ఈ రికార్డులు ప్రయాణించే యూడీపీ పద్ధతిలో అందినట్టు జవాబు రాదు గనుక పంపే వైపు చూసి ఏమీ తేల్చలేం. ప్యాకెట్లు వస్తున్నా రికార్డులు కనిపించకపోతే కాసేపు ఓపిక పట్టండి. డేటాను ఎలా చదవాలో చెప్పే టెంప్లేట్ ముందుగా అందితేనే కలెక్టర్‌కు మిగతాది అర్థమవుతుంది. నెట్‌స్కేలర్ దాన్ని మామూలుగా 600 సెకన్లకోసారి పంపుతుంది. అంటే కలెక్టర్‌ను రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ పది నిమిషాల వరకు ఖాళీ తెరే కనిపించవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. యూఆర్‌ఎల్, కుకీల వివరాలు పంపే ఐచ్ఛికాలు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. వాటిని ఊరికే ఆన్ చేయకండి. ప్రవేశాల సైటు యూఆర్‌ఎల్‌లో హాల్‌టికెట్ నంబరో ఫోను నంబరో ఉండవచ్చు, ఐపీఫిక్స్ యూడీపీ ప్యాకెట్లు ఎన్‌క్రిప్షన్ లేకుండానే ప్రయాణిస్తాయి. మీ సైటు నెమ్మదించడానికి కారణం తెలుసుకోవడానికి సర్వర్ అడ్రసు, బైట్లు, స్పందన సమయం చాలు.