పగడాల తొట్టికి దీపం కొనే ముందు

వెస్ట్ మాంబళం, చెన్నై

చి. సౌ. శ్రావణికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. మూడడుగుల ఉప్పునీటి తొట్టి సిద్ధమైందనీ, ఇక పగడాలు పెట్టడమే తరువాయి గనుక బజారులో దొరికే వాటిలోకెల్లా బలమైన దీపం ఏదో చెప్పమనీ అడిగావు. దీపం బలం సంగతి తర్వాత చూద్దాం. ఆ దీపం కింద ఏ జీవి బతకబోతోందో ముందు తేలాలి. అది తేలకుండా దీపం కొన్నవాళ్ళు ఎక్కువగా రెండోసారి కూడా కొనవలసి వస్తుంది.

పగడపు జీవి కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు (ఆల్గే) కాపురముంటాయి. అవి వెలుగుతో తయారుచేసుకునే ఆహారంలో పెద్ద భాగం పగడానికే చేరుతుంది. కాబట్టి మనం చూడవలసింది ఆ శైవలాలకు అందే వెలుగునే తప్ప పెట్టె మీద అచ్చువేసిన వాట్లను కాదు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యనున్న కాంతి సెకనుకు చదరపు మీటరు మీద ఎంత పడుతోందో మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. ఆ కొలతనే పార్ అంటారు. చెన్నైలో వేసవి మిట్టమధ్యాహ్నం మేడ మీద అది 2000 దరిదాపుల్లో ఉంటుంది. పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ పగడాలకు 50 నుంచి 100 చాలు. చిన్న పూల గుత్తుల్లా కనిపించే జోయాంథిడ్లు, తోలులా మెత్తగా ఉండే లెదర్ కోరళ్ళు 75 నుంచి 150 మధ్య హాయిగా పెరుగుతాయి. 250 దాటి అడిగేవి అక్రోపోరా వంటి కొమ్మల రాతి పగడాలు.

ఆ రాతి పగడాల మీద నీకు మోజు ఉందని నాకు తెలుసు. కానీ అమ్మా, రాతి పగడాలన్నీ, వాటితోపాటు సముద్రపు విసనకర్రలనే (సీ ఫ్యాన్) పగడాలూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవుల చుట్టూ ఉన్న మన్నారు సింధుశాఖ పగడాలు 2010లోనూ 2016లోనూ ఎండవేడికి తెల్లబడి ఎంత నష్టపోయాయో తెలిసినవాళ్ళు, అక్కడి నుంచి విరిచి తెచ్చిన ముక్కను ఇంట్లో పెట్టుకోలేరు. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా వద్దను. ఆ నిర్ణయం తీసుకున్నావంటే దీపం లెక్క సగం తేలిపోయినట్టే: నీకు కావలసినవి మష్రూమ్, జోయాంథిడ్, లెదర్ వంటి మెత్తని పగడాలు, వాటికి కావలసింది మధ్యస్థమైన వెలుగు.

ఇక దీపాల సంగతి. మెటల్ హాలైడ్ అనే రకం బల్బుల వెలుగు చూడడానికి అందంగా ఉంటుంది, నీటి అడుగున అలల నీడలు ఆడతాయి. అయితే మన ఊళ్ళో దాన్ని నేను ఒప్పుకోను. 150 వాట్ల దీపాలు రెండు రోజుకు తొమ్మిది గంటలు వెలిగితే రెండు నెలల బిల్లులో 160 యూనిట్లు అవే తింటాయి; పైగా అవి నీటికి ఎక్కించిన వేడిని దింపడానికి చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) అదనంగా తిరగాలి. టీ5 అనే సన్నని ఫ్లోరసెంట్ ట్యూబులు వెలుగును సమానంగా పరుస్తాయి, నీడలు తక్కువ. కాని ఏడాది తిరక్కుండానే వాటి సత్తా తగ్గుతుంది గనుక మార్చుకుంటూ ఉండాలి. నీ తొట్టికి ఎల్‌ఈడీయే సరి. అదీ 150 వాట్ల దీపం ఒకటి కాకుండా 75 వాట్లవి రెండు తీసుకో. ఒకే చోటి నుంచి వెలుగు పడితే రాళ్ళ వెనకంతా చీకటే. నడిమధ్యలో ఉన్న పగడం మాడుతుంది, మూలనున్నది ఆకలితో ఉంటుంది. నీలం, తెలుపు రంగులను విడివిడిగా తగ్గించుకునే వీలు తప్పనిసరిగా ఉండాలి. నీటిలో ఎరుపు ముందే ఇంకిపోయి నీలం లోతుకు దిగుతుంది కాబట్టి ఆ శైవలాలు నీలానికి బాగా అలవాటు పడినవి. తెలుపు మన కంటికోసం కొంత చాలు.

కొళత్తూరులో అలంకార చేపల దుకాణాలకు వెళ్ళినప్పుడు ఒక జాగ్రత్త. ముదురు నీలి దీపం కింద ప్రతి పగడమూ ఆకుపచ్చగా, నారింజగా మెరిసిపోతుంది. తెల్ల దీపం వేయమని అడిగి, అప్పుడు అంచులు చూడు. కణజాలం చిరిగినా పాలిపోయినా అప్పుడే బయటపడుతుంది. దీపాన్ని ఫోనులోని లక్స్ యాప్‌తో కొలిచి చూపిస్తే నమ్మవద్దు. లక్స్ మనిషి కంటికి తగ్గట్టు చేసిన కొలత. నీలాన్ని బాగా తక్కువ చేసి చూపిస్తుంది.

దీపాన్ని నీటికి పది అంగుళాల ఎత్తున వేలాడదీసి, మొదటి వారం మూడో వంతు బలంతోనే వెలిగించు. తర్వాత మూడు నాలుగు వారాలలో మెల్లగా పెంచుకుంటూ పో. జోయాంథిడ్ కాడ సాగి పైకి చాచుకుంటోందంటే వెలుగు చాలడం లేదు. రంగు పాలిపోయి, మష్రూమ్ అంచులు ముడుచుకుంటున్నాయంటే ఎక్కువైంది. లెదర్ కోరల్ మాత్రం అప్పుడప్పుడు పైన మైనం పూసినట్టు పొర కట్టి, కొన్నాళ్ళు పాలిప్‌లు (పూమొగ్గల్లాంటి చిన్న చిన్న జీవులు) బయటపెట్టకుండా కూర్చుంటుంది. ఆ పొర నీటి ప్రవాహానికి ఊడిపోయాక తానే తెరుచుకుంటుంది. దాన్ని చూసి కంగారుపడి దీపం ముట్టుకోకు.

వెలుగును, వేడిని విడదీసి ఆలోచించకూడదు. పగడాలు తెల్లబడేది వేడి ఒక్కదానివల్లే కాదు. వేడెక్కిన నీటిలో తీవ్రమైన వెలుగు పడినప్పుడు శైవలాలు దెబ్బతిని, పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. నీటిని 25, 26 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి. మేలో చిల్లర్ మొరాయించి నీరు 29 దాటిందంటే ముందు దీపాన్ని సగానికి తగ్గించు, ఆ తర్వాత మెకానిక్‌కు ఫోను చెయ్యి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు పోయినట్టు కరెంటు రోజుల తరబడి పోయినా పగడాలు చీకటికి తట్టుకుంటాయి, కదలని నీటికి తట్టుకోలేవు. ఇన్వర్టరు మీద నీటిని తిప్పే పంపును పెట్టు, దీపాన్ని పెట్టవద్దు.

ఉప్పునీటి పక్కన కరెంటు గనుక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచేసే స్విచ్చు) పెట్టించనిదే దీపం వెలిగించకు. దీపం తీగను ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిప్పి తెచ్చావంటే, తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. లెన్సుల మీద ఉప్పు పేరుకుంటుంది. వారానికోసారి దీపం ఆర్పి, చల్లారాక, ఆర్ఓ నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడవాలి.

పార్ మీటరు నా దగ్గర ఉంది, నువ్వు కొనక్కర్లేదు. దీపం బిగించాక తీసుకుని వస్తాను. ఈలోగా రాళ్ళు అమర్చి, ఏ పగడం ఏ రాతి మీదో కాగితం మీద గీసి ఉంచు. ఆ గుర్తుల దగ్గరే కొలిచి దీపం ఎత్తు సరిచేద్దాం.

ఇట్లు,
మీ మామయ్య