బయోడీజిల్ అడుగున మిగిలే గ్లిజరాల్: ఆవులకు వద్దు, గోబర్ గ్యాస్‌కు పనికొస్తుంది

ప్రశ్న: మా సంఘంలో కానుగ నూనెతో బయోడీజిల్ తీసి నీటి పంపులకు వాడుతున్నాం. ఒక్కో విడతకు 100 లీటర్ల నూనె, 20 లీటర్ల మెథనాల్ (ఒక రకం ఆల్కహాల్), కాస్టిక్ సోడా కలుపుతాం. ప్రతిసారీ అడుగున 20 లీటర్లకు పైగా నల్లటి గ్లిజరాల్ దిగుతోంది. మూడు పెద్ద డ్రమ్ములు నిండిపోయాయి. దీన్ని ఆవుల కుడితిలో కలపొచ్చా? సబ్బు చేసుకోవచ్చా? పొలంలో పోస్తే ఎరువవుతుందా?
– ఒక రైతు, కాశీనగర్ ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ఆవులకు ఒక్క చెంబు కూడా పెట్టకండి. గ్లిజరాల్ పశువుకు మంచి శక్తినిచ్చే పదార్థమన్నది నిజమే, కానీ ఆ మాట శుద్ధి చేసిన సరుకుకే వర్తిస్తుంది. 100 లీటర్ల నూనె నుంచి వచ్చే అసలు గ్లిజరాల్ 9 నుంచి 10 కిలోలే. మీకు దిగే 20 లీటర్లలో మిగతాదంతా సబ్బు, కాస్టిక్, కొంత నూనె, 4 లీటర్లకు పైగా మెథనాల్. మనిషి కంటిచూపు పోవడానికి 10 మిల్లీలీటర్ల మెథనాల్ చాలు. అమెరికాలో దాణాకు వాడే గ్లిజరాల్‌లో మెథనాల్ పది లక్షల భాగాలకు 150 భాగాలు దాటితే ప్రమాదమని అక్కడి ఆహార, ఔషధ శాఖ హెచ్చరించింది. మెథనాల్ పూర్తిగా తీసేసినా, కానుగలోని కరంజిన్ వంటి చేదు పదార్థాల జాడ అందులో ఉండవచ్చు. అందుకే కానుగ గ్లిజరాల్‌ను దాణా లెక్కలోంచి తీసేయండి.

ముందు చేయాల్సింది మెథనాల్ తీయడం. అది 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించిన స్టీలు పాత్రకు చల్లటి నీటిలో మునిగిన గొట్టపు చుట్ట అమర్చి, ఆరుబయట, వేడి నీళ్ల తొట్టిలో గానీ కరెంటు హీటరుతో గానీ కాయండి. గొట్టం రెండో కొస తెరిచే ఉండాలి. అది మూసుకుపోతే పాత్ర పేలుతుంది. కట్టెల మంట, బీడీ దరిదాపుల్లో ఉండకూడదు. మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనబడదు, అంటుకున్న సంగతి చేయి కాలాకే తెలుస్తుంది. సబ్బు ఎక్కువగా ఉంటే పొంగుతుంది కాబట్టి పాత్రను సగం వరకే నింపండి. మెథనాల్ తగ్గేకొద్దీ లోపలి వేడి పెరుగుతుంది. వేడి నీళ్ల తొట్టితో చివరి దాకా రాదు, ఆఖర్న హీటరుతో 100 డిగ్రీలు దాటించాలి. దిగిన మెథనాల్‌లో నీరు కలిసి ఉంటే తర్వాతి విడతలో అంతా సబ్బే అవుతుంది. ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరులో 20 డిగ్రీల దగ్గర 0.79 చూపిస్తేనే మళ్లీ వాడండి.

ఇక వాడకం. మా దృష్టిలో మీ ఊరికి అన్నిటికన్నా అనువైన దారి గోబర్ గ్యాస్. లీటరు ముడి గ్లిజరాల్‌లో అరకిలో దాకా అసలు గ్లిజరాల్ ఉంటుంది. లెక్క ప్రకారం దాని నుంచి 350 లీటర్ల గ్యాస్ రావాలి, అంటే సుమారు 9 కిలోల పేడతో సమానం. మిగిలిపోయిన కొద్దిపాటి మెథనాల్‌ను కూడా తొట్టిలోని సూక్ష్మజీవులు గ్యాసుగా మార్చేస్తాయి. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, 50 లీటర్ల నీరు వేస్తారు కదా, మొదటి వారం ఆ కలుపులో రోజుకు పావు లీటరు గ్లిజరాల్ చాలు. వారానికి పావు లీటరు చొప్పున పెంచి, లీటరు దగ్గర ఆపేయండి. ఆశపడి ఒకేసారి ఎక్కువ పోస్తే తొట్టి పులుస్తుంది. గ్యాస్ బుసబుసా వస్తుంది గానీ పొయ్యి వెలగదు, స్లర్రీకి పుల్లటి కంపు వస్తుంది, పైన నురగ కడుతుంది. పులుపును, క్షారాన్ని కొలిచే పీహెచ్ 6.8 కంటే తగ్గితే గ్లిజరాల్ మానేసి, మంట మళ్లీ నీలంగా వచ్చేదాకా పేడ ఒక్కటే వేయండి. మూడు డ్రమ్ముల సరుకు ఒక్క ప్లాంటుకు దాదాపు రెండేళ్లు వస్తుంది, అందుకని సభ్యులందరూ పంచుకుంటే మంచిది.

సబ్బు తప్పకుండా చేసుకోవచ్చు, బట్టలకూ గిన్నెలకూ మాత్రమే. మెథనాల్ తీసిన గ్లిజరాల్ కిలో, కానుగ నూనె కిలో తీసుకోండి. 400 మిల్లీలీటర్ల నీటిలో 150 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేసి కరిగించండి. కాస్టిక్ మీద నీరు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి. అల్యూమినియం పాత్ర వద్దు, స్టీలుదే వాడాలి. 60 నుంచి 70 డిగ్రీల వేడిలో జావలా చిక్కబడేదాకా కలిపి అచ్చుల్లో పోయండి. రెండు రోజులకు కోసి, నాలుగు వారాలు గాలికి ఆరనివ్వండి. పీహెచ్ కాగితం 9, 10 మధ్య చూపించాలి. అంతకు మించితే కాస్టిక్ ఎక్కువైనట్టు, ముక్క జిడ్డుగా ఉంటే తక్కువైనట్టు. మీ గ్లిజరాల్‌లో సబ్బు పాళ్లు విడత విడతకూ మారతాయి కాబట్టి ప్రతి డ్రమ్ముకూ ముందు కిలోతో చేసి చూడండి. గ్లిజరాల్ తేమను లాగుతుంది, వానాకాలంలో సబ్బు చెమర్చకుండా కవరులో చుట్టి ఉంచండి.

పొలంలో నేరుగా పోయకండి. దాన్ని తినే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటే పైరు పసుపెక్కుతుంది. సోడియం నేలను గట్టిపరుస్తుంది. వంశధారలోకి గానీ కాలువలోకి గానీ వదిలితే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. పొయ్యిలో కాల్చడమూ ప్రమాదమే, సరిగా మండకపోతే ఊపిరితిత్తులను పాడుచేసే అక్రోలిన్ పొగ వస్తుంది. కంపోస్టులో వేయాలంటే మెథనాల్ తీసిన లీటరును 10 లీటర్ల నీటిలో కలిపి, 30 గ్రాముల యూరియాతో, 100 కిలోల గడ్డి-పేడ కుప్పపై చల్లి తిరగేయండి. అంతకు మించితే గాలి ఆడక కుళ్లు వాసన వస్తుంది.

వచ్చే విడత నుంచి కాస్టిక్ సోడా బదులు కాస్టిక్ పొటాష్ వాడండి. లీటరు నూనెకు 3.5 గ్రాముల సోడా పడే చోట 85 శాతం పొటాష్ 5.8 గ్రాములు కావాలి. నూనెలో ఆమ్లం ఉంటే దానికి తగ్గట్టు రెండింటికీ అదనంగా పడుతుంది. గ్లిజరాల్ చలికి గడ్డకట్టదు, స్లర్రీలో సోడియం బదులు పొటాష్ పొలానికి చేరుతుంది. పొటాష్‌తో చేసిన 100 లీటర్ల విడతకు దిగిన గ్లిజరాల్‌లో 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం సుమారు కిలో మెల్లగా కలిపి, పీహెచ్ 4.5 దగ్గర ఆపి ఒక రాత్రి ఉంచితే, పైన నూనె తెట్టు, మధ్యన గ్లిజరాల్, అడుగున తెల్లటి ఉప్పు విడిపోతాయి. ఆ ఉప్పు చాలావరకు మీరు 0-52-34 పేరుతో కొనే ఎరువే, కిలో దాకా వస్తుంది. దానికి జిడ్డు అంటి ఉంటుంది గనుక డ్రిప్పుకూ పిచికారీకీ వాడకుండా కంపోస్టులో కలపండి.