సైగలు నేర్పితే మాట రాదా? మా పాప విషయంలో జరిగింది ఇది

మీ బాబుకి 14 నెలలు, రెండు చెవులూ వినపడవని తేలింది, కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఆపరేషన్ దగ్గర్లో ఉంది, ఇప్పుడు సైగలు మొదలుపెడితే మాటలకి బద్ధకిస్తాడు వద్దు అని థెరపిస్ట్ అన్నారు, ఏం చేయాలి అని అడిగారు కదండీ. అచ్చం ఇదే మాట మాకూ చెప్పారు, మూడేళ్లు విన్నాం. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మా పాపకి ఏడాదిన్నరప్పుడు తెలిసింది. హియరింగ్ ఎయిడ్స్, రోజూ స్పీచ్ థెరపీ, ఇంట్లో అద్దం ముందు కూర్చోబెట్టి పెదాలు చూపించడం. తను వేలితో చూపిస్తే ఇవ్వకండి, నోటితో అడిగేదాకా ఆగండి అన్నారు, అలాగే ఆగాం. తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. మీరోసారి అద్దం ముందు గొంతు రానివ్వకుండా పాప, బాబా, మామ అనండి, పెదాలు మూడిటికీ ఒకేలా కదుల్తాయి. క, గ అయితే లోపలెక్కడో పుడతాయి కాబట్టి బయటికి కనపడనే కనపడవు. భాష ముందే వచ్చినవాళ్లు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు, ఏ భాషా రాని పసిపిల్ల దేన్ని బట్టి ఊహిస్తుంది?

నాలుగున్నరేళ్లకి తనకి ఓ ముప్పై మాటలు వచ్చాయి, అన్నీ వస్తువుల పేర్లే. వాళ్ల నాన్న డ్యూటీకని బ్యాగ్ తీస్తే చాలు గుమ్మంలో పడి ఏడ్చేది, ఒక్కోసారి రాత్రిదాకా. మొండితనం అనుకున్నాం. రేపు వచ్చేస్తారమ్మా అన్న ఒక్క ముక్క చెప్పే దారి మాకు లేదు, రేపుని వేలు పెట్టి చూపించలేం కదా. తన లెక్కలో నాన్న ప్రతిసారీ వెళ్లిపోతున్నట్టే.

అప్పుడు పుట్టుకతో వినపడని ఒక టీచరుగారి దగ్గరికి వెళ్లాం, నేనూ పాపా పక్కపక్కన కూర్చుని సైన్ లాంగ్వేజ్ నేర్చుకున్నాం. మూడు నెలలు తిరక్కుండానే ఓ రోజు నాన్న బ్యాగ్ సర్దుతుంటే ఏడవలేదండీ, రేపా అని చేత్తో అడిగింది, కాదు రెండు రాత్రులు అని ఆయన చూపిస్తే తలూపి ఆడుకోడానికి వెళ్లిపోయింది. నేను లోపలికెళ్లి ఏడ్చాను.

నోటి మాటలు కూడా ఆ తర్వాతే పెరిగాయి, అర్థం ముందే తెలుసు కాబట్టి. మా ఒక్కరి సంగతే కాదు, పుట్టినప్పట్నుంచి సైన్ వాడే ఇళ్లలో పెరిగి ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లల మీద 2014లో ఒక స్టడీ వచ్చింది, చిన్నదే, కానీ వాళ్ల మాటలు సైన్ ఇళ్లలోనే పెరిగిన వినపడే పిల్లలతో సమానంగా ఉన్నాయని తేలింది. సైగలు వద్దనే పద్ధతి 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన, వినపడని పిల్లల టీచర్ల సభతో లోకమంతా పాకింది, అక్కడ ఓటేసినవాళ్లు దాదాపు అందరూ వినపడేవాళ్లే. సైన్ లాంగ్వేజ్‌కి సొంత వ్యాకరణం ఉందని 1960లో విలియం స్టోకీ అనే అమెరికా పరిశోధకుడు చూపించాడు, ఆ సభ తీర్మానాల్ని కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అలాంటి సభే తిరస్కరించి విచారం చెప్పడానికి మాత్రం 2010 దాకా పట్టింది. ఈ మధ్యలో ఎంతమంది పిల్లల బాల్యం పోయిందో.

ఇంప్లాంట్ మానేయమని నేను అనట్లేదు, చేయించండి. కానీ ఆపరేషన్ అయ్యాక స్విచ్ ఆన్ చేయడానికి కొన్ని వారాలు, మ్యాపింగులు (మెషీన్‌ని పిల్లాడికి తగ్గట్టు సెట్ చేయడం), ఆ శబ్దాల్లో మాట పట్టుకోడానికి నెలలు, ఒక్కో పిల్లాడికి ఒక్కోలా ఉంటుంది. నిద్రకి, స్నానానికి ఎలాగూ బయటి మెషీన్ తీసేస్తారు. ఆ టైమంతా బాబుకి ఏ భాష ఉంటుంది చెప్పండి?

ఈ రాత్రికే మొదలుపెట్టండి. నాన్న, ఇంకా, అయిపోయింది, నొప్పి, రేపు, ఈ ఐదు చాలు, బాబు మీ వైపు చూస్తున్నప్పుడే చేయండి. సైన్ వాడే డెఫ్ పెద్దవాళ్లెవరైనా దొరికితే వాళ్ల దగ్గరే నేర్చుకోండి, బాబుని కూడా తీసుకెళ్లండి. మీ చేతులు తడబడినా ఏం కాదు, మా పాపకి ఇప్పుడు పదమూడేళ్లు, ఇప్పటికీ నా వేళ్లు పట్టుకుని సరిచేస్తుంది.