80 వేలూ లాప్‌టాప్‌కే పెట్టేయకండి

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ డిగ్రీలో సీటొచ్చింది. వీడియో ఎడిటింగ్, పేజ్ డిజైన్ రెండూ ఉంటాయట. 80 వేల దాకా పెట్టగలం. షాపువాళ్లు గేమింగ్ లాప్‌టాప్ తీసుకోమంటున్నారు, తనేమో మ్యాక్‌బుక్ కావాలంటోంది. స్టోరేజీ ఎంతుండాలి?
– ఓ తల్లి, హనుమకొండ

ముందు ఆ 80 వేలలోంచి ఓ 15 వేలు తీసి ఫైళ్లు దాచుకునే విడి డ్రైవ్‌ల కోసం పక్కన పెట్టండి. లాప్‌టాప్ నెమ్మదిగా నడిస్తే మహా అయితే అసైన్‌మెంట్ ఓ పూట ఆలస్యమవుతుంది. ఫుటేజీ (తీసిన వీడియో) పోతే మాత్రం ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లను మళ్లీ వెతికి పట్టుకోవాలి.

లెక్క చూడండి. కెమెరాలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. పది నిమిషాల డాక్యుమెంటరీకి ఐదు గంటలు షూట్ చేశారంటే 225 జీబీ అక్కడికే అయిపోయింది. విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఎడిటింగ్‌లో పేరుకుపోయే క్యాష్ (తాత్కాలిక) ఫైళ్లు కలిస్తే 512 జీబీ లాప్‌టాప్ మొదటి సెమిస్టర్‌కే నిండిపోతుంది. (ఫోన్‌తో తీస్తే ఇంత కాదు. ఐఫోన్‌లో ఫైలు సైజు తగ్గించే హెచ్‌ఈవీసీ పద్ధతిలో 4కే, 30 ఫ్రేములకు నిమిషానికి 170 ఎంబీ.)

అందుకని ఫుటేజీని బయటి డ్రైవ్‌లలో పెట్టాలి. అప్పుడు లాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా నడిచే స్టోరేజీ) చాలు, రెండోది పెట్టుకునే స్లాట్ ఉందేమో అడగండి. బయట ఒక 1 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, ఒక మామూలు హార్డ్‌డిస్క్ కొనండి. ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీ మీద చేయాలి. సెకనుకు వంద ఎంబీ పైచిలుకు వేగంతో నడిచే హార్డ్‌డిస్క్ కాపీ దాచడానికే. రెండు చోట్లా ఫైళ్లు చేరాయని చూసుకున్నాకే కెమెరా కార్డు ఫార్మాట్ చేయమనండి. రెండు డ్రైవ్‌లూ ఒకే బ్యాగులో తిరుగుతుంటే అది ఒక్క కాపీ కిందే లెక్క! ఒకటి హాస్టల్ గదిలో ఉండాలి. ఇంకో మాట: ఫోన్ ఛార్జింగ్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0వి. వాటితో కలిపితే ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ అయినా నత్తనడకే. డబ్బాలో వచ్చిన కేబులే వాడాలి.

ఇక లాప్‌టాప్. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోకి దాని తయారీ సంస్థ అడోబీ హెచ్‌డీ అయితే 16, 4కే అయితే 32 జీబీ సూచిస్తోంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు 16 తీసుకుని, తర్వాత పెంచుకునే వీలున్న మోడలే చూడండి. మ్యాక్‌బుక్‌లో ఆ వీలు లేదు. దాని తెర, బ్యాటరీ గొప్పవే, వీడియోకీ బాగుంటుంది. కానీ తెలుగు పేజీలు పెట్టే చాలాచోట్ల ఇప్పటికీ ‘అను’ అనే తెలుగు ఫాంట్లే, వాటితో టైప్ చేయడానికి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌ది. డిపార్ట్‌మెంట్‌లో ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారో కొనకముందే కనుక్కోవాలి.

గేమింగ్ లాప్‌టాప్ సలహా పూర్తిగా తప్పేం కాదు. గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. చిక్కల్లా బరువు, పైగా తెర. తక్కువ ధరవాటిలో తరచూ ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ తెర, అంటే తక్కువ రంగులే చూపించేది ఉంటుంది. అందులో సరిచేసిన రంగులు ఫోన్‌లో చూస్తే వేరేలా కనిపిస్తాయి. ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని రాసున్నది అడగండి. గ్రాఫిక్స్ కార్డు, మంచి తెర రెండూ బడ్జెట్‌లో ఇమడకపోతే నేనైతే తెరకే ఓటేస్తాను. కార్డు లేకపోయినా ప్రాక్సీ ఫైళ్లతో (అసలు వీడియోకు బదులు వాడే చిన్న సైజు కాపీలతో) ఎడిటింగ్ నడిపించొచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు, ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టమనండి.

ప్రశ్న: 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది. 6 జీబీ వీడియో కాపీ చేయబోతే ఫైలు మరీ పెద్దదంటోంది. పాడైందా?
– డిగ్రీ విద్యార్థి, ఏలూరు

పాడవలేదు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా పెద్ద ఫైళ్లు తీసుకుంటుంది గానీ, కాలేజీ ల్యాబ్‌లో మ్యాక్‌లుంటే వాటిలో చూడగలరే తప్ప అందులోకి ఏమీ కాపీ చేయలేరు. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి, పాత ఫైళ్లేమైనా ఉంటే ముందే వేరేచోట దాచుకోండి.