‘తలారి’ అంటే ఊరి కావలివాడా, ఉరి తీసేవాడా?

2020 మార్చిలో తీహార్ జైలులో ఉరిశిక్షలు అమలైనప్పుడు పత్రికలన్నీ ‘తలారి’ అనే రాశాయి కనుక, తల తీసేవాడే తలారి కాబోలునని మీరు అడగడంలో వింత లేదు. అయితే ఆ పదానికి అసలు అర్థం కావలివాడు.

మా తాతగారు అనంతపురం జిల్లాలో ఒక పల్లెకు కరణంగా ఉండేవారు కాబట్టి, తలారి పని ఏమిటో చిన్నతనంలోనే దగ్గరగా చూశాను. శిస్తు బాకీ ఉన్న రైతులను చావడికి పిలుచుకొని రావడం, టముకు వేసి చాటడం, కోతల కాలంలో రాత్రిళ్లు కళ్లాలను కనిపెట్టుకొని తిరగడం, ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే పోలీసులు వచ్చేదాకా శవం దగ్గర కాపలా ఉండటం, ఇవన్నీ తలారి మీదే పడేవి. ప్రతిఫలం కొంత మాన్యం (సేవకు బదులుగా ఇచ్చే భూమి), కళ్లంలో కొలిచి ఇచ్చే గింజలు.

ఈ పదం వయసు మాత్రం చాలా పెద్దది. క్రీ.శ. 3వ శతాబ్దపు నాగార్జునకొండ ప్రాకృత శాసనాలలో ‘మహాతలవర’ అనే బిరుదు కనిపిస్తుంది. ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి భర్తకు ఆ బిరుదు ఉంది. రాజు కూతురు అడవి చాంతిసిరి భర్త అయితే మహాసేనాపతి, మహాతలవర, మహాదండనాయక అనే మూడు బిరుదులనూ ధరించాడు. అంటే రాజుగారి బావ, అల్లుడు మోసిన పేరే కాలక్రమంలో తలవరి అయి, వకారం జారి తలారిగా మారి, చావడి అరుగు కింద నిలబడింది. కన్నడంలో తళవార, తమిళంలో తలైయారి దీనికి చుట్టాలే.

ఉరి అర్థం ఎలా అంటుకుందంటే, దొంగను పట్టే తలవరులకే రాజాజ్ఞ ప్రకారం శిక్ష అమలు చేసే పని కూడా అప్పగించినట్లు మన కథలు చెబుతాయి. ‘తల’ అనే ధ్వని ఆ భావాన్ని మరింత బలపరిచి ఉంటుందని నా అభిప్రాయం. పల్లెలో ఆ అర్థం ఎన్నడూ లేదు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో 1816లో చేసిన గ్రామ పోలీసు చట్టంలోనూ తలారి కావలివాడే. కరణం, మునసబు పదవులు 1984లో రద్దయ్యాక తలారులు గ్రామ సేవకులుగా, ఆపై గ్రామ రెవెన్యూ సహాయకులుగా కొనసాగారు. తెలంగాణ పల్లెల్లో ఇంచుమించు ఇదే పని చేసేవారిని సుంకరి అనేవారు.