పక్క చేనుదీ మీదీ కార్డులో ఒకే అంకెలు: చౌడుకి విడిగా మట్టి తీయండి

మీ చేలో తెల్లపొర కడుతున్నా మట్టి పరీక్ష కార్డులో ఆ ఊసే లేదని, పొరుగు చేను కార్డులోనూ అవే అంకెలున్నాయని అన్నారు. ల్యాబు తప్పు కాకపోవచ్చు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో తరి భూమికి రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాల పైచిలుకుకు ఒక్క నమూనానే. మెట్టకైతే పది హెక్టార్లకు. ఆ పరిధిలోని చేలన్నిటికీ అవే అంకెలొస్తాయి. అందుకే మీ తెల్లపొర కార్డుకెక్కలేదు.

చౌడు మచ్చకి వేరుగా, బాగున్న చోటుకి వేరుగా మట్టి తీయండి. గట్లు, చెట్లనీడ, పెంటకుప్పల చోటు, ఈమధ్యే ఎరువేసిన మడి వదిలేయండి. 8-10 చోట్ల ఆరంగుళాల లోతున వి ఆకారంలో గుంట తవ్వి, పక్కనుంచి పైనుంచి కిందికి వేలెడు మందాన చెక్కండి. ప్లాస్టిక్ బకెట్టే వాడండి. జింకు పూతదైతే జింకు లెక్క ఎక్కువొస్తుంది. కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండూ పారేస్తూ అరకిలోకి తెచ్చి నీడలో ఆరబెట్టండి.

పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణం చెప్పే అంకె) 8.5 దాటి ఈసీ (మట్టిలో కరిగే ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) తక్కువుంటే కారుచౌడు, అంటే క్షార నేల: జిప్సం ఎంత పడుతుందో పరీక్ష విడిగా అడగండి. ఈసీ ఎక్కువై పీహెచ్ 8.5 లోపుంటే పాలచౌడు, అంటే ఉప్పు నేల. దానికి జిప్సం డబ్బు దండగ; మురుగు కాలువ తీసి మంచినీళ్లతో కడగాలి.