నామినీ పేరు చాలదు, వీలునామా రాయించండి

ప్రశ్న: మేమిద్దరం స్త్రీలం, ఎనిమిదేళ్లుగా కలిసి జీవిస్తున్నాం. మొన్న నా భాగస్వామికి ఆపరేషన్ జరిగినప్పుడు ఆసుపత్రి ఫారంలో ‘రోగితో సంబంధం’ అన్న గడిలో ‘అక్క’ అని రాసి సంతకం పెట్టాను. ప్రత్యేక వివాహ చట్టం కింద మా పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవచ్చా? ఫ్లాటు ఆమె స్వార్జితం. బ్యాంకు ఖాతాకు నామినీని నేనే. ఆమెకేమైనా అయితే ఇవి నాకు దక్కుతాయా?

జవాబు: పెళ్లి రిజిస్టర్ కాదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పెళ్లి హక్కు కూడా వచ్చేసిందని చాలామంది అనుకుంటున్నారు. నేరం కాదనడం వేరు, పెళ్లిగా గుర్తించడం వేరు. 2023 అక్టోబర్ 17న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, వివాహం ప్రాథమిక హక్కు కాదనీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చడం పార్లమెంటు పని అనీ చెప్పింది. ఆ మాట వరకు ఐదుగురిదీ ఒకే అభిప్రాయం. పెళ్లి కాకపోయినా మీవంటి బంధాలకు చట్టబద్ధ గుర్తింపు ఇవ్వాలా, జంటగా దత్తత తీసుకోవచ్చా అన్నచోట 3-2గా చీలిపోయారు, ముగ్గురు కాదన్నారు. ఆ తీర్పును మళ్లీ పరిశీలించమన్న రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. ఇక పార్లమెంటు కదలాలి. అది కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని మాత్రం నేను చెప్పను.

కలిసి ఉండే హక్కుకు ఢోకా లేదు. తన స్త్రీ భాగస్వామి నుంచి విడదీసి కన్నవారు నిర్బంధించిన ఒక యువతి విషయంలో 2025 మే నెలలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని స్పష్టంగా చెప్పింది. మీ అసలు చిక్కు ఆస్తి దగ్గరుంది.

మీ మతం రాయలేదు. హిందువులనుకుని చెబుతున్నాను. పెళ్లికాని స్త్రీ వీలునామా రాయకుండా మరణిస్తే ఆమె స్వార్జితం తల్లిదండ్రులకు, వారు లేకపోతే తండ్రి వారసులకు పోతుంది. మీ పేరు ఆ వరుసలో ఎక్కడా లేదు. నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతిలో డబ్బు పెట్టి తన బాధ్యత తీర్చుకోవాలో చెప్పే పేరు, అంతే. ఆ డబ్బు మాదని వారసులు దావా వేస్తే మీరు లెక్క చెప్పి అప్పగించాల్సి రావచ్చు. ఇలాంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. మంచిదే, కానీ అది వారసత్వం ఇవ్వదు.

కాబట్టి ఆమె వీలునామా రాయాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఆమె సంతకం చేస్తుండగా చూసిన ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టుకు రావాల్సింది వాళ్లే కదా! రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. కుటుంబం ఎదురు తిరిగే కేసుల్లో మొదట వచ్చే ఆరోపణ ‘మతిస్థిమితం లేనప్పుడు రాయించుకున్నారు’ అనే. అందుకే అదే రోజు తేదీతో డాక్టర్ ధ్రువపత్రం కూడా తీసుకోండి. ముస్లింలైతే ఆస్తిలో మూడో వంతు దాటి రాయాలంటే వారసుల సమ్మతి కావాలి.

ఇప్పుడే గిఫ్టు దస్తావేజు రాస్తే పోలేదా అంటారేమో. చట్టం దృష్టిలో మీరు బంధువు కారు. ఏడాదిలో బహుమతులు 50,000 రూపాయలు దాటితే మీకు ఆదాయపు పన్ను పడుతుంది. వీలునామా ద్వారా వచ్చేదానికి ఆ పన్ను లేదు. ఆమె తరఫున వ్యవహారాలు చూసే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీని నమ్ముకోకండి. ఇచ్చిన మనిషి మరణించినా, మతి తప్పినా అది రద్దవుతుంది. సరిగ్గా మీకు అవసరమైన రోజున చెల్లదన్నమాట.

ఇక ఆ ఆసుపత్రి ఫారం. స్పృహలో ఉన్న మేజరుకు ఆమె సంతకమే సమ్మతి. తండ్రిదో భర్తదో ఉండాలని చట్టం అడగదు. ‘అక్క’ అని రాసిన ఆ కాగితాన్నే రేపు అవతలి వకీలు చూపించి, ‘ఈమె అప్పుడు అబద్ధమాడింది, ఇప్పుడు నిజం చెబుతుందా?’ అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతాడు. నేనైనా అడుగుతాను. వీలునామాలో ఆ పొరపాటు చేయకండి. ‘నాతో కలిసి జీవిస్తున్న ఫలానా’ అని రాసి, మీ ఆధార్ కార్డులో ఉన్న పేరును అక్షరం మారకుండా ఎక్కించండి.